ఎడమవైపు సీటు

యాంగోన్ నుంచి



కిందటిసారి లారీల గురించి రాశాక మీ దగ్గర నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకే మాట మళ్లీ మళ్లీ కనబడింది. లైసెన్సులు ఉన్న కుర్రాళ్లు దొరుకుతున్నారు, బండి అప్పగించగల కుర్రాళ్లు దొరకడం లేదు అని. జవాబు అప్పుడే రాద్దామనుకుని ఆగాను. ఇప్పుడు యాంగోన్‌లో, అంటే మన పాత రంగూన్‌లో, కూర్చుని రాస్తున్నాను. ఈ ప్రశ్నకు ఈ ఊరి దగ్గర చెప్పగలిగింది చాలా ఉంది.

మన దేశం దిగుమతి చేసుకునే మినుముల్లో ఎక్కువ భాగం బర్మావే. 2021లో కుదిరిన ఒప్పందంలో ఏటా 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు కొంటామని భారత ప్రభుత్వం ఐదేళ్లకు మాట ఇచ్చింది. బగో, మాగ్వే, మాండలే ప్రాంతాల నుంచి ఆ బస్తాలు లారీల మీద ఇక్కడి బయిన్నౌంగ్ టోకు మార్కెట్టుకు వస్తాయి. గోదాముల్లో దిగి, మళ్లీ లారీ ఎక్కి రేవుకు పోతాయి. మీ ఇంట్లో రేపటి ఇడ్లీకి నానబోసిన పప్పు ఇక్కడి డ్రైవరు చేతుల మీదుగా వచ్చినదే కావచ్చు.

ఇక్కడి లారీలో చూడవలసింది ఎడమవైపు సీటు. 1970 దాకా బర్మాలో మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడిచేవారు. ఆ ఏడాది డిసెంబరులో నె విన్ సైనిక ప్రభుత్వం బళ్లన్నిటినీ కుడివైపుకు మార్చింది. స్టీరింగులు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. తర్వాత దశాబ్దాల పాటు దిగుమతైన జపాను సెకండ్‌హ్యాండ్ బళ్లకూ స్టీరింగు కుడివైపే. అంటే డ్రైవరు రోడ్డు అంచు వైపు కూర్చుంటాడు. ముందున్న బస్సును దాటాలంటే ఎదురుగా ఏం వస్తోందో అతనికి కనబడదు. కనబడేది ఎడమ సీట్లో ఉన్న కుర్రాడికి. మన దగ్గర క్లీనర్ అనే మనిషిని ఇక్కడ స్పేర్ అంటారు. అతను తొంగి చూసి పొమ్మంటే బండి పోతుంది, ఆగమంటే ఆగుతుంది.

ఆ కుర్రాడి మీద ఉన్న బాధ్యత ఎంతో ఆలోచించండి. ఎదురుగా వచ్చే బండి వేగం, మధ్యనున్న దూరం, తమ బండిలోని లోడు, ఆ లోడుతో ఇంజను ఎంతసేపట్లో అందుకుంటుందో, ఇవన్నీ అతను ఒక్క రెప్పపాటులో లెక్క వేయాలి. తప్పు చెబితే ముందు పోయేది తన ప్రాణమే. స్టీరింగు చేతికి రాకముందే అతనికి రోడ్డు వచ్చేస్తుంది. ఇప్పుడు దిగుమతయ్యే బళ్లకు ఎడమ స్టీరింగే ఉండాలని కొన్నేళ్ల కిందట నిబంధన పెట్టారు. ప్రమాదాలు తగ్గాలంటే అదే సరైనది, దాన్ని నేను తప్పు పట్టను. పక్క సీటులో ఒక మనిషి పెరుగుతాడన్న సంగతి మాత్రం మనం మరచిపోకూడదు.

మా పెదనాన్న విజయవాడ నుంచి కలకత్తా లైన్లో లారీ నడిపేవారు. ఆయన దగ్గర క్లీనర్‌గా చేరినవాడికి మొదట స్టీరింగు మాటే ఉండేది కాదు. లోడు మీద పట్టా పరిచి మోకు బిగించడం, టీ కోసం ఆగినచోటల్లా టైర్లను సుత్తితో కొట్టి చప్పుడు వినడం, రివర్సులో వెనక నిలబడి ‘రానీ రానీ... హోల్డాన్’ అని కేక వేయడం. గాలి సరిగ్గా ఉన్న టైరు ఖంగుమంటుంది, తగ్గినది దబ్బుమంటుంది. వెనక నిలబడి బండిని రివర్సు చేయించినవాడికి దాని తోక ఎంత దూరం తిరుగుతుందో కళ్లకు కట్టిపోతుంది. తర్వాత ఎప్పుడో, రోడ్డు ఖాళీగా ఉన్న రాత్రి, ఖాళీ బండి మీద స్టీరింగు ఇచ్చేవారు. పక్కన కూర్చుని నిద్రపోయేవారు కాదు.

ఘాటు దించడం చివరి పాఠం. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో వదిలితే ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. డ్రమ్ములు కాగిపోతే బ్రేకు పట్టదు. ఎయిర్ బ్రేకుల బండిలో పదేపదే తొక్కుతుంటే ట్యాంకులో గాలి అడుగంటుతుంది. చదివితే ఇదంతా అర పేజీ విషయం. పలమనేరు దాటి మొగిలి ఘాటులో దిగుతుంటే, వెనక నుంచి లోడు తోస్తుంటే, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. అప్పుడు ‘కాలు తియ్యరా, గేరు పట్టుకుంటుంది’ అనే మనిషి పక్కన ఉండాలి. ఆ ఒక్క మాట కోసమే నేనీ ఉత్తరం రాస్తున్నాను.

అలాంటి మనిషి అవసరం ఎంతో రంగూన్ చరిత్రే చెబుతుంది. 1931 జనాభా లెక్కల్లో ఈ ఊళ్లో 4 లక్షల మంది ఉంటే సగానికి పైగా భారతీయులే. రేవులో ఓడల సరుకు దింపే కూలీల్లో అత్యధికులు గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు. జపానుతో యుద్ధంలో చైనాకు తీరమంతా మూసుకుపోయినప్పుడు ఆయుధాలు, పెట్రోలు, లారీలు ఈ రేవులోనే దిగాయి. ఇక్కణ్ణుంచి రైల్లో ఉత్తర బర్మాలోని లాషియోకు, అక్కణ్ణుంచి బర్మా రోడ్డు మీద చైనాలోని యునాన్ రాష్ట్ర నగరం కున్మింగ్‌కు. 1937-38లో సుమారు 2 లక్షల మంది కూలీలు ఎక్కువగా చేతి పనిముట్లతోనే ఆ దారి వేశారు. సుమారు 1,150 కిలోమీటర్ల దారి, మధ్యలో సాల్వీన్, మెకాంగ్ నదుల లోయలు.

రోడ్డు వచ్చింది, లారీలు వచ్చాయి. నడపగలిగినవాళ్లు చాలలేదు. 1939లో సింగపూర్ వ్యాపారి తాన్ కా కీ ఆగ్నేయాసియాలోని చైనీయులకు పిలుపునిచ్చాడు. సుమారు 3,200 మంది డ్రైవర్లు, మెకానిక్కులు ఉన్న కొలువులు వదులుకుని వెళ్లారు. వాళ్లు పని తెలిసినవాళ్లే. అయినా కున్మింగ్‌లో మళ్లీ శిక్షణ ఇచ్చిన తర్వాతే కొండ మీదికి పంపారు. మలయా రోడ్ల మీద సంపాదించిన అనుభవం యునాన్ లోయల్లో చాలదని వాళ్లను నడిపించినవాళ్లకు తెలుసు. అంత జాగ్రత్త పడ్డా ప్రమాదాలకు, మలేరియాకు, బాంబులకు వెయ్యి మందికి పైగా బలయ్యారు. 1941లో న్యూయార్కులో టాక్సీ కంపెనీ నడిపిన డేనియల్ ఆర్న్‌స్టైన్‌ను అమెరికా ఈ రోడ్డు చూసి రమ్మని పంపింది. సరుకు కదలకపోవడానికి చెక్‌పోస్టుల జాప్యం, బండ్ల నిర్వహణ లేకపోవడం, అజమాయిషీ లేకపోవడం కారణాలని ఆయన నివేదిక ఇచ్చాడు. నూనె వేయమని, నట్లు బిగించమని రోజూ చెప్పే పెద్ద చెయ్యి లేకపోతే కొత్త లారీ కూడా కొండ మీద నిలవదు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. రేవు కూలీలు ఊరు వదిలి పారిపోయారు. 1942 మార్చిలో నగరం జపాను వశమైంది. ఇంకా బిగించని లారీలను శత్రువుకు దక్కకుండా ఇక్కడే ధ్వంసం చేశారు.

పాత బర్మా రోడ్డుకు చేర్చే మాండలే-లాషియో దారి ఇప్పటికీ సరుకు మార్గమే. గోక్తేక్ లోయ మలుపుల్లో పెద్ద లారీలు ఇప్పటికీ పాకుతూ దిగుతాయి. 2023 అక్టోబరులో ఉత్తర షాన్‌లో మొదలైన పోరు ఆ దారిని పదేపదే మూసేసింది. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి వచ్చాక ఎంతోమంది యువకులు దేశం వదిలిపోయారు. ఎడమ సీట్లో కూర్చుని నేర్చుకోవలసిన వయసు వాళ్లదే.

పాత పద్ధతిని నేను ఆకాశానికి ఎత్తడం లేదు. రంగూన్ రేవులో మేస్త్రీలు ఊళ్ల నుంచి మనవాళ్లను అడ్వాన్సు ఇచ్చి తెచ్చారు, పని నేర్పారు, కూలిలో కోత కోశారు. మన లారీల్లోనూ జీతం లేకుండా, దెబ్బలు తింటూ గడిపిన క్లీనర్లు లెక్కలేనంతమంది. ఎందరో గురువులు ఘాటుతో పాటు నిద్రలేమినీ, మందునూ నేర్పారు. పాతికేళ్లు నడిపినవాడల్లా నేర్పగలవాడు కాడు. ఎందుకు అలా చేయాలో విప్పి చెప్పగలవాడు, కుర్రాడు తప్పు చేస్తే గొంతు పెంచకుండా బండిని సర్దగలవాడు వేరే ఉంటాడు. అతన్ని వెతికి పట్టుకోవాలి.

మనం మాత్రం ఆ పక్క సీటునే ఖాళీ చేస్తున్నాం. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నియమాన్ని 2018లో తీసేశారు. కిరాయిలు గిట్టక ఓనర్లు క్లీనర్‌నూ దింపేస్తున్నారు. మరోవైపు 2021 నియమాల ప్రకారం గుర్తింపు పొందిన కేంద్రంలో హెవీ కోర్సు 38 గంటలు. సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో ఉన్నలాంటి శిక్షణ సంస్థలు ఇంకా రావాలి. సిమ్యులేటర్లు, ట్రాకులు, పాఠాలు అన్నీ అవసరమే. కానీ 38 గంటలు లైసెన్సుకు సరిపోతాయి, ఘాటుకు సరిపోవు. బడి అయ్యాక కనీసం ఒక వానాకాలం, ఒక పొగమంచు కాలం మంచి డ్రైవరు పక్కన గడవాలి.

దానికి డబ్బు అవుతుంది. కుర్రాడికి జీతం, నేర్పే డ్రైవరుకు ట్రిప్పుకింత అని అదనపు బత్తా, రెండూ ఓనరు లెక్కలో టైర్ల ఖర్చులాగే ఉండాలి. చిన్న ఓనరు ఒంటరిగా మోయలేడు కాబట్టి లారీ ఓనర్ల సంఘాలు, ప్రభుత్వం తలా ఒక చెయ్యి వేయాలి. నేర్పిన కాలాన్ని ఆ డ్రైవరు అనుభవపత్రంలో రాసి ఇవ్వాలి.

మీలో లారీ ఓనర్లు ఉన్నారు, సంఘాల్లో పదవుల్లో ఉన్నవాళ్లూ ఉన్నారు. వచ్చే మీటింగులో ఈ బత్తా మాట ఎత్తండి. ఏమన్నారో నాకు రాయండి. డ్రైవర్లుగా ఉన్న పాఠకులు, మీకు ఘాటు దించడం నేర్పిన మనిషి ఎవరో, ఎలా నేర్పారో రాసి పంపండి. వచ్చే ఉత్తరంలో సగం పేజీలు వాటికే.

మీ
ఉత్తరాల మిత్రుడు