డ్రమ్ముల దగ్గర కొత్త మనిషి

స్టీవ్ హారిస్ 1975లో లండన్‌లో మొదలుపెట్టిన ఐరన్ మెయిడెన్ బృందమంటే మా గదిలో ఐదుగురికీ ప్రాణం. 42 ఏళ్ళు ఆ బృందంలో డ్రమ్స్ వాయించిన నికో మెక్‌బ్రెయిన్, 2023 జనవరిలో పక్షవాతం వచ్చినా మళ్ళీ వేదికెక్కారు. 2024 డిసెంబరు 7న సావోపాలో కచేరీతో పర్యటనలకు సెలవు చెప్పారు. 2025 మే 27న బుడాపెస్టులో ఆయన చోట సైమన్ డాసన్ కూర్చున్నారు.

ఆ వీడియోలు చూసిన రోజు నుంచి మేము రెండు పార్టీలం. "లయ నిలకడగా ఉంది" అని కొందరం. "ఒంటి పెడల్ మీద నికో పాదం చేసే ఆ వేగమేదీ?" అని మిగతావాళ్ళం. 1982లో క్లైవ్ బర్ స్థానంలో నికో కూడా కొత్తవారిగానే వచ్చారన్న సంగతి మాలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక రాత్రి మాటామాటా పెరిగింది. అంతవరకు నోరు విప్పని మిత్రుడు అన్నాడు:

"మా నాయినకు చెయ్యి పడిపోయినంక డప్పు నేను పట్టిన. నాయిన దెబ్బ వేరని ఊరంత అన్నది. నాయిన మాత్రం 'నా లెక్క కొట్టకురా, దరువు తప్పకు' అన్నడు."

ఎవరం మాట్లాడలేదు. పాట మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నాం. నికో లేని లోటు తీరలేదు. అయినా డాసన్ దరువుకు ఆ రాత్రి మేమెవరం వంక పెట్టలేదు.