నేరేడు ప్రాజెక్టు

మే 26, 2024, కొలంబస్

చిన్నది, నా మనవరాలు, తన ప్రాజెక్టు పుస్తకం తెచ్చి చూపించింది. కుక్క నేరేడుకి రోజూ ఎంతసేపు నేర్పిందీ, తిండికెంతయిందీ, ఏ టీకా ఎప్పుడు వేయించిందీ అన్నీ తనే రాయాలట. క్లబ్బు పేరు ఫోర్-హెచ్. గుర్తు నాలుగు రేకుల పచ్చటి ఆకు. దూడల్నీ గొర్రెల్నీ పెంచే పల్లె పిల్లలకే అనుకున్నాను, కుక్కలకీ ఉందట.

అట్ట మీద చిన్నక్షరాల్లో 'ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్' అని ఉంది. ఎక్స్‌టెన్షన్! వ్యవసాయ విస్తరణ. సర్వీసంతా నేను చేసింది ఆ పనే కదా. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను.

జూన్ 4

రాత్రంతా ఇండియా ఎన్నికల ఓట్ల లెక్కింపు. అక్కడ పొద్దున ఎనిమిదంటే ఇక్కడ రాత్రి పదిన్నర. కళ్లు మూతలు పడుతున్నా సాయంత్రం పెరట్లో స్తంభంగా నిలబడక తప్పలేదు. ఇద్దరు మనుషులు ఎడంగా నిలబడితే, వాళ్ల చుట్టూ ఎనిమిది అంకెలా పిల్లా కుక్కా తిరగాలి. కుక్క ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండాలి. ఎడమకి తిరిగేటప్పుడు అది నెమ్మదించాలి, కుడికి తిరిగేటప్పుడు అడుగు పెంచాలి. నేరేడు నెమ్మదించడం బాగానే నేర్చింది. కుడి మలుపులో మాత్రం వెనకబడి నా లుంగీ వాసన చూస్తోంది.

రెండో స్తంభం అల్లుడు. ఆయన పాపం "రా, రా" అన్నాడు.

"నాన్నా, స్తంభాలు మాట్లాడవు!"

పెద్దవాళ్లు నేర్పకూడదట. నేర్పాల్సింది పిల్లే.

జూన్ 15

అల్లుణ్ణి సతాయించి స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్లొచ్చాను. 1902లో ఎ.బి. గ్రాహం అనే బడుల సూపరింటెండెంటు పిల్లల్ని పోగేసి ఈ క్లబ్బుకి నాంది పలికింది ఆ ఊళ్లోనే. మొక్కజొన్న, కూరగాయలు, లిట్మస్ కాగితంతో మట్టి పరీక్ష, ఇవీ వాళ్ల పాఠాలు. కిటుకు నాకు వెంటనే పట్టుబడింది. యూనివర్సిటీ వాళ్లు చెప్పిన విత్తనాన్ని తండ్రి నమ్మడు. కొడుకు మడిలో కంకి చూశాక మాత్రం, ఎవరితోనూ ఏమీ అనకుండా మరుసటేడు అదే వేస్తాడు. 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చి ఈ విస్తరణ పనికి కేంద్రం డబ్బు ఇచ్చింది.

మనకి 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం, గ్రామసేవకులు. 1964లో హైదరాబాదులో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు తోడు నిలిచింది కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు. ఒహాయో వాళ్లు లూధియానా వెళ్లారు. వావి వరస చూస్తే కాన్సస్ నాకు పుట్టిల్లు, ఒహాయో మేనమామ ఊరు. ప్రదర్శన క్షేత్రాలు తెచ్చుకున్నాం, విత్తనాల మినీకిట్లు పంచాం. ఆ సంచులు ఊరి పెద్దల పొలాలకే ముందు చేరేవి. పిల్లల చేతికిచ్చి ఉంటే ఏమయ్యేదో!

జూలై 5

నిన్న వీళ్ల స్వాతంత్ర్య దినం. టపాకాయల మోతకి నేరేడు స్నానాల గదిలో టబ్బులో దూరింది. ఇవాళ ఏం చెప్పినా చెవిన పెట్టదు. "ఫెయిర్‌లో పోటీకి ఇంకా వారమే ఉంది" అని మా అమ్మాయి కంగారు. చిన్నది మాత్రం కూర్చోబెట్టడం, పడుకోబెట్టడం అన్నీ పక్కన పెట్టి మొదటి పాఠానికి వెళ్లింది: పేరు పిలవడం, తలతిప్పి చూసిన క్షణంలోనే చీజ్ ముక్క. కాస్త ఆలస్యమైతే కుక్క ఈలోపు ఇంకేదో చేస్తుంది, ఆ ముక్క దానికి బహుమానమైపోతుంది. పద్ధతి ప్రదర్శన అని మేం శిక్షణల్లో వల్లించింది ఇదే. పదేళ్ల పిల్ల ఉపన్యాసం లేకుండా చేసి చూపించింది.

జూలై 13

కౌంటీ ఫెయిర్. పశువుల పాకల మధ్య పేడ వాసన, ప్రాణం లేచొచ్చింది.

బరిలోకి చీజ్ తీసుకెళ్లకూడదు. నడక బాగుంది, ఎనిమిది అంకె పర్వాలేదు. జడ్జి వచ్చి ఒళ్లు తడుముతుంటే నేరేడు కదలకుండా నిలబడింది. దూరం నుంచి పిలిచినప్పుడు మాత్రం ఎటో చూస్తూ కూర్చుంది. రెండోసారి పిలవాల్సొచ్చింది, అక్కడ మార్కులు పోయాయి. ఎర్ర రిబ్బన్.

"ఫస్టు ఎవరికి?" అంది అమ్మాయి. ఇక్కడ ఇన్ని మార్కులకి నీలం, ఇన్నింటికి ఎరుపు, ఇన్నింటికి తెలుపు అని ముందే గీత గీసి ఉంచుతారు. పక్క పిల్ల ఎంత బాగా చేసినా మన రంగు మారదు. మన పంటల పోటీల్లో ఎక్కువ దిగుబడి తెచ్చినవాడు కృషి పండిత్ అయ్యేవాడు. కిందటేటికన్నా రెండు బస్తాలు ఎక్కువ పండించినవాడి సంగతి ఎవరూ అడిగేవారు కాదు. ఈ పద్ధతే నయం.

జూలై 14

చిన్నది ప్రాజెక్టు పుస్తకం పూర్తి చేస్తోంది. 'రెండుసార్లు పిలిచాను' అని కూడా రాసింది. మా టూర్ డైరీల్లో అలాంటి వాక్యం ఒక్కటీ చూసిన గుర్తు లేదు. వచ్చే ఏటికి పై తరగతిట, తాడు లేకుండా నడిపిస్తుందట. సాధన ఇవాళ సాయంత్రం నుంచే. పెరటి గేటు గడియ వదులుగా ఉంది, అల్లుడు వచ్చేలోపు ఒక మేకు వెతకాలి.