ముందు సూది, తర్వాతే మాత్ర

జూన్ 9, వేప్పనపల్లి
మూడో తరగతిలో కొత్తగా చేరిన పిల్లాడి వాళ్లమ్మ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "వీనికి చెనిక్కాయ పడదు సార్. పోయినేడు ఒక ఉండ తిన్నాడు, పెదవులు ఉబ్బి ఊపిరాడలేదు." ఈ మాట రాయడానికి మా ఫారంలో చోటు లేదు. పక్కన ఎర్రసిరాతో రాసిపెట్టాను.

జూన్ 11
వంట చేసే అక్కతో మాట్లాడాను. గుడ్డు పడని పిల్లలుంటే చెప్పమని ఆమే అడిగింది. నా భయం బడి భోజనం గురించి కాదు. చెనిక్కాయ పండించే ఊళ్లు ఇవి. చట్నీలో, పొడిలో, బెల్లం ఉండలో అదే. పిల్లలు ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెడతారు.

జూన్ 16
ఆరోగ్య కేంద్రం నర్సమ్మ చిన్న గాజు ఆంప్యూల్ చూపించింది. ఇలా ఒంటికి పడక ఊపిరాడనప్పుడు వేసే మందు అది: ఒక మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము అడ్రినలిన్. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము లెక్క. పాతిక కిలోల పిల్లాడికి పావు మిల్లీలీటరు. తొడ బయటి వైపు, కండలోకి వేస్తారు. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ. దద్దుర్లకు వేసే మాత్ర దురద తగ్గిస్తుందే గానీ, మూసుకుపోతున్న గొంతును తెరవదు, పడిపోతున్న బీపీని నిలపదు.

జూన్ 20
2003లో కెనడాలో సబ్రీనా షానన్ అనే 13 ఏళ్ల అమ్మాయి బళ్లో తిన్న తిండి పడక చనిపోయింది. ఆమె సూదిమందు లాకర్లో ఉంది. ఆమె పేరుతో ఒంటారియోలో 2005లో చట్టం వచ్చింది: ప్రతి బడికీ ఒక పద్ధతి, సిబ్బందికి శిక్షణ. ఎవరైనా వేయగలిగే పెన్ను సూదులు మన దగ్గర అరుదు, ఖరీదు కూడా. ఆంప్యూల్ మాత్రం చవక. అది వేయగల చేతి దగ్గరికి పిల్లాణ్ని వెంటనే చేర్చాలి.

జూన్ 24
స్టాఫ్ రూమ్ గోడకు తెలుగులో, తమిళంలో కాగితం అంటించాం. గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా 108కి ఫోన్. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి, ఊపిరాడకపోతే కూర్చోబెట్టాలి. గేటు దాకా నడిపించకూడదు, నిలబడితే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

జూలై 2
బడి వెనక చెట్టుకు కందిరీగల తుట్టె. కుడితే ఎవరికి ఇలాగే ప్రాణం మీదికి వస్తుందో ముందుగా ఏ ఫారమూ చెప్పదు. అందుకే పెద్ద తరగతుల పిల్లలకూ గుర్తులు నేర్పుతున్నాం. తోటివాడికి ఊపిరాడట్లేదని మొదట చూసేది వాళ్లే.