మైండ్ అనే క్రియ

ఇంగ్లిష్‌లో 'మైండ్' అనే క్రియ అంటే నాకు చాలా ఇష్టం. జాగ్రత్తపడటం, కనిపెట్టుకుని ఉండటం, అభ్యంతరపెట్టడం, అన్నీ అందులోనే. లండన్ అండర్‌గ్రౌండ్‌లో 1968 నుంచి వినిపిస్తున్న 'మైండ్ ద గ్యాప్'లో అది హెచ్చరిక. బ్రిటన్‌లో పసిపిల్లల్ని తమ ఇంట్లో చూసుకునేవాళ్లు 'చైల్డ్‌మైండర్లు'.

మర్యాదంతా 'వుడ్ యూ మైండ్ ఓపెనింగ్ ద విండో?'లో ఉంది. కిటికీ తెరవమని నేరుగా అడగరు. తెరవడం మీకు ఇబ్బందా అంటారు. అందుకే ఒప్పుకునేవాళ్లు 'నాట్ ఎటాల్' అనాలి. సాయం చేయాలన్న ఆత్రంతో మనవాళ్లు చాలామంది 'యస్' అంటారు. అక్షరార్థంలో అది నిరాకరణ. (లేచి కిటికీ తెరిచేస్తే ఎవరూ తప్పుపట్టరు లెండి.)

మన 'ఏమీ అనుకోకపోతే కాస్త జరుగుతారా' కూడా ఈ తోవదే. పిల్లలకి ఇంగ్లిష్ నేర్పేటప్పుడు దీంతో మొదలుపెడితే ఇట్టే పట్టుకుంటారు. అయితే గొంతు పెంచి 'డూ యూ మైండ్!' అంటే మాత్రం అది అచ్చంగా మందలింపే, ఆ సంగతీ చెప్పాలి.