ఆరోగ్యవరం దారి

మదనపల్లె అనగానే ఈ రోజుల్లో అందరికీ టమోటాలు గుర్తుకొస్తాయి. కాస్త చదువుకున్నవారైతే, 1919లో రవీంద్రుడు అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి చెబుతారు. మా ఇంట్లో మాత్రం మదనపల్లె అంటే ఆరోగ్యవరమే. ఆ పేరెత్తితే మా నాయనమ్మ గొంతు తగ్గించేది.

మొన్న సెలవుల్లో మా చిన్నాన్న, "ఒక్కసారి నన్ను ఆడికి పిల్చకపోరా" అన్నాడు. ఆయనకు ఎనభై దాటాయి. ధర్మవరంలో రైలెక్కాము. ఇప్పుడది పెద్ద లైను, 1957లో మీటరుగేజి. అణాలూ, కొత్తగా వచ్చిన నయాపైసలూ కలిసి చెల్లుతున్న రోజులవి.

కదిరి రాగానే చిన్నాన్న కిటికీలోంచి వేలు చూపించాడు. "నా దుడ్లకు ఈడిదాకానే టిక్కెట్టొచ్చింది."

అప్పుడాయనకు 14 ఏళ్ళు. మా అత్తకు క్షయ అని తెలియగానే అత్తవారు పుట్టింటికి పంపేశారు. తాతయ్య ఆరోగ్యవరంలో చేర్చి వచ్చాడు. తర్వాత ఆమె రాసిన కార్డొకటి దూలం సందులో ఈయన కంటపడింది. 'తమ్ముణ్ణి ఒకసారి చూడాలని వుంది' అని వుందట. పిల్లవాణ్ణి ఆ జబ్బు దగ్గరికి ఎవరు పంపుతారు? ఎవరికీ చెప్పకుండా, అమ్మ చేసిన చెనిక్కాయ ఉంటలు నాలుగు తువ్వాలులో మూటగట్టుకుని బయలుదేరాడు.

కదిరి నుంచి మదనపల్లెకు సుమారు యాభై మైళ్ళు. ఆ రాత్రి నరసింహస్వామి గుడి దగ్గర పడుకున్నాడు. మర్నాడు చెనిక్కాయల బండివాడొకడు తనకల్లు దాకా ఎక్కించుకున్నాడు. అక్కడినుంచి నడకే. చెప్పు తెగింది. మార్గశిరపు చలి. ములకలచెరువు దగ్గర పట్టాలు చూసుకునే కూలీలు సంగటి ముద్ద పెట్టి, మంట పక్కన పడుకోమన్నారు. ఉంటల్లో రెండు దారిలోనే అయిపోయాయి. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన తల వంచుకుంటాడు.

మేము మదనపల్లె రోడ్డులో దిగాము. స్టేషను పేరులో 'రోడ్డు' అని వుంటే ఊరు అక్కడ లేదని అర్థం చేసుకోవాలి!

ఆరోగ్యవరం 1915లో మిషనుల వారు కలిసి నెలకొల్పిన శానిటోరియం. మొదటి పెద్ద డాక్టరు ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్కు ఆయన. రెండువేల అడుగుల ఎత్తు, పొడిగాలి. మందులు లేని కాలంలో విశ్రాంతీ, పాలూ గుడ్లూ, ఆరుబయటి గాలీ - ఇవే వైద్యం. అత్త చేరేనాటికి స్ట్రెప్టోమైసిన్ వచ్చింది, అదే బతికించింది.

నర్సమ్మ ముందుగా పిల్లవాడి కాళ్ళు కడిగి కట్టుకట్టి, వరండా చివర నిలబెట్టిందట. అక్క లేచి కూచుని, "చెప్పులేవిరా? అన్నం తిన్న్యావా?" అన్నదట. ఏడవాలని వచ్చినవాడికి ఏడుపు రాలేదు. మూట ముందుకు తోసి, "సగం నేనే తినేసినా కా" అన్నాడు. మూడోనాడు తాతయ్య వచ్చాడు. కొడతాడనుకుంటే, మెట్టుమీద కూచుని చాలాసేపు మాట్లాడలేదు.

మరుసటేడు అత్త ఇంటికి వచ్చింది. అత్తవారింటికి మాత్రం మళ్ళీ పోలేదు. మద్రాసులోని క్షయ పరిశోధనా కేంద్రం 1959లోనే తేల్చిచెప్పింది: మందు సరిగా వాడితే ఇంటి దగ్గరా శానిటోరియంలో మాదిరే గుణమిస్తుందనీ, ఇంట్లోవాళ్ళకు అదనపు ప్రమాదమేమీ కనబడలేదనీ. ఆ కబురు మా ఊరికి చేరడానికి ఎన్నేళ్ళు పట్టిందో! అత్త కంచమూ చెంబూ వేరుగానే వుండేవి. ఆ కంచంలో చెయ్యిపెట్టి తిన్నది చిన్నాన్న ఒక్కడే.

ఆరోగ్యవరంలో ఇప్పుడు అన్ని జబ్బులకూ వైద్యం చేస్తున్నారు. అక్కతో మాట్లాడిన వరండా ఏదో ఆయన గుర్తుపట్టలేకపోయాడు. చెట్టు కింద గట్టుమీద కూచుని, చెప్పులు విడిచి, పాదాలు కాసేపు చూసుకున్నాడు.

"పోదాం పద" అన్నాడు. "రైలు తప్పితే ఇప్పుడు నడవలేను."