మటాడోరు అద్దాలు

మాది మొగల్తూరు అనగానే హాస్టల్లో ఎవరైనా సరే సినిమావాళ్ళ గురించే అడుగుతారు. చిరంజీవి గారు, కృష్ణంరాజు గారు మా ఊరివాళ్ళే, నిజమే. కాని మా వీధిలో అంతటి పేరున్నది ఇంకొకటుంది. అది మా పెదనాన్నగారి మటాడోరు వ్యాను. ఊడ్పుల రోజుల్లో కూలీలను చేలకు చేర్చేది అదే, రొయ్యల పట్టుబడి నాడు తెల్లవారకుండానే మనుషుల్ని చెరువు గట్టున దింపేదీ అదే. రెండెకరాల చేను ఆ ఇంటికి తిండి పెట్టింది గాని, మా అక్కను చదివించింది మాత్రం వ్యానే.

కిందటి వేసవిలో దాని ఎఫ్.సి. గడువు దగ్గరపడింది. సముద్రం పక్కన ఊరు కదా, ఉప్పుగాలికి కిటికీల కింద రేకు జల్లెడైపోయింది. కొత్త రేకు వేసి వెల్డింగు చేయాలంటే ముందు ఆరు అద్దాలూ బయటికి రావాలి. "రేకు పని నాదండి, అద్దాలకు మాత్రం పూచీ లేదు" అన్నాడు మేస్త్రి. అతన్ని తప్పు పట్టలేం. మటాడోర్ల తయారీ ఆగి ఏళ్ళయింది. వాటిని చేసిన బజాజ్ టెంపో కంపెనీయే 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకుంది. ఒక్క అద్దం పగిలినా పాతబళ్ళ కొట్లు గాలించవలసిందే.

పెద్ద అద్దం కొని కోయించుకోవచ్చు గదా అంటారేమో, అక్కడే ఉంది చిక్కు. ఈ రకం గాజును ముందే కొలతకు కోసి, కొలిమిలో 600 డిగ్రీలు దాటేదాకా కాచి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందు బిగుసుకుంటుంది. లోపలి గాజు తరువాత చల్లారుతూ దాన్ని లోపలికి లాగుతుంది. పైన నొక్కుడు, లోపల లాగుడు. అందుకే అరచేత్తో చరిచినా ఏమీ కాదు, అంచు మీద స్క్రూడ్రైవరు మొన దిగితే మాత్రం మొత్తం పలుకులైపోతుంది. 1660లో రూపర్ట్ అనే రాకుమారుడు ఇంగ్లండుకు తెచ్చిన గాజు బొట్లదీ ఇదే తంతు. తల మీద సుత్తితో కొట్టినా పగలవు, తోక విరిస్తే పొడి. 1994లో చంద్రశేఖర్, చౌధ్రి అనే శాస్త్రజ్ఞులు అతివేగపు కెమెరాతో చూస్తే, ఆ పగులు సెకనుకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు వేగంతో పరుగెత్తిందట!

ఇదంతా చెబితే పెదనాన్నగారు, "నీ రాకుమారుడి సంగతి సరే గాని అబ్బాయ్, నా కిటికీ మాటేమిటి?" అన్నారు.

అద్దం చుట్టూ రబ్బరు బీడింగు ఉంటుంది. దానికి రెండు గాడులు. ఒక దానిలో అద్దం, రెండో దానిలో రేకు అంచు. పైన సన్నని పట్టీ ఒకటి రెంటినీ బిగించి పెడుతుంది. వెదురుపుల్లతో ఆ పట్టీ లేపి, సబ్బునీళ్ళు పోసి, రబ్బరు పెదవిని లోపలినుంచి కొద్దికొద్దిగా రేకు మీదికి జరిపితే, రబ్బరుతో సహా అద్దం బయటికి వస్తుంది. ఒకరు లోపల అరచేతులతో నెట్టాలి, ఒకరు బయట పట్టుకోవాలి. పై మూలనుంచి మొదలుపెట్టి రెండు అలాగే తీశాం.

మూడోది కదల్లేదు. రబ్బరు ఎండకు కర్రలా గట్టిపడింది. కోసేద్దామన్నాను నేను. "ఇంకా రెండేళ్ళు వస్తుందిరా!" అన్నారాయన. చుట్ట సగం కాలేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. రబ్బరు కొట్లో కొలిచి అమ్ముతారండీ, అద్దాన్ని కొలిచి ఎవరిస్తారు అన్నాను చివరికి. ఆయన లేచి లోపలికెళ్ళి గెడ్డం గీసుకునే బ్లేడు తెచ్చారు. సబ్బునీళ్ళలో ముంచుతూ బయటి పెదవిని చుట్టూ కోసేశాం. నాలుగూ అలాగే ఊడివచ్చాయి.

తీసిన అద్దాలను పడుకోబెట్టకూడదు, మూల నేలకు తగలనివ్వకూడదు. పాకలో వరిగడ్డి మెత్తగా వేసి అంచుల మీద నిలబెట్టాం. దూడ పొరపాటున అటు పోతుందేమోనని దొడ్డమ్మ మూడు రోజులూ దాన్ని చింతచెట్టుకే కట్టింది.

ఎఫ్.సి. అయింది. సార్వా ఊడ్పులకు వ్యాను ఆరు అద్దాలతోనూ వెళ్ళింది. కొత్త రబ్బరు ఖర్చును మాత్రం పెదనాన్నగారు నేటికీ నా పద్దులోనే ఉంచారు.