నేనెక్కడున్నానే?

"నేనెక్కడున్నానే?" అని అడిగితే "ఇంట్లోనే ఉన్నావమ్మా" అని కిసుక్కున నవ్వింది మా అమ్మాయి. నవ్వదూ మరి!

నా పచ్చళ్ళకి వెబ్‌సైట్ చేసిపెట్టింది తనే. పైన వరసగా అయిదు పేర్లు – మొదటి పేజీ, ఆవకాయ, మాగాయ, పొడులు, మా గురించి. ఏది నొక్కినా ఆ అయిదూ ఒకే ఆకుపచ్చ రంగులో, గ్రూప్ ఫొటోలో బడిపిల్లల్లా నిలబడి ఉంటాయి. పోనీ కింద చూద్దామంటే అన్ని పేజీలూ ఒకే మూస – పావుకిలో ఇంత, అరకిలో ఇంత. ఓ రోజు ఫోన్లో ఒకావిడ మాగాయ ధర అడిగితే ఆవకాయ ధర చెప్పేశాను. అన్నాక మాట తప్పుతామా? నష్టానికే ఇచ్చాను. ఆస్పత్రి గోడమీద పటంలో "మీరు ఇక్కడ ఉన్నారు" అని చుక్క పెడతారు చూడండి, ఆ చుక్కే లేకపోతే అంత పటమూ ఎందుకు?

సాయంత్రానికల్లా మనమున్న పేజీ పేరు ఎర్రగా మారింది. నాకు సంబరమే సంబరం. మా వారు కళ్ళజోడు సవరించుకుని, "ఏదీ? అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదుటే" అన్నారు. ఆయనకి ఎరుపూ ఆకుపచ్చా విడిగా తెలియవు. ముప్ఫయ్యేళ్ళుగా పండుమిరపకాయలు నేనే ఏరుకుంటున్నాను, అయినా ఆ సంగతి గుర్తు రాలేదు చూశారా! ఏ సంగతీ ఒక్క రంగుతోనే చెప్పి ఊరుకోకూడదని వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ త్రీ సి సంస్థ 1999లోనే రాసిపెట్టిందట. అంచేత ఎరుపుతో పాటు లావు అక్షరాలూ, కింద దళసరి గీతా వచ్చాయి. ఏ పేజీలో ఆ పేరుకే ఆ గుర్తు పెట్టాలి కదా, ఒకదాన్ని చూసి ఇంకోటి నకలు తీసిన హడావిడిలో పొడుల పేజీలో కూడా ఆవకాయే వెలిగింది. అంతకన్నా అసలు గుర్తు లేనప్పుడే నయం!

అన్నీ సర్దుకున్నాయనుకుంటుంటే మా వదినగారి ఫోను. ఆవిడకి చూపు పోయి నాలుగేళ్ళు. ఫోనే చదివి వినిపిస్తుంది. "ఏమమ్మాయ్, అయిదు పేర్లూ అప్పజెప్పింది గాని, అందులో నేనెక్కడున్నానో చెప్పలేదే?" అంది. అచ్చం నా ప్రశ్నే. నాకు నోట మాట రాలేదు. రంగూ, గీతా ఆవిడకేం చేసుకోను?

అమ్మాయి మళ్ళీ కూచుంది. "ఏరియా కరెంట్ పెట్టాలమ్మా" అంటే, మన ఏరియాలో కరెంటు పోయింది కాబోలనుకుని ఫ్యాను వైపు చూశాను. అదొక చిన్న గుర్తట. కంటికి కనిపించదు, చదివే యంత్రానికి మాత్రం ఇదే మీరున్న పేజీ అని చెబుతుంది. 2017లో అది ప్రమాణంగా ఖాయమైందట.

పెట్టాక నేనే వదినగారికి ఫోను చేశాను. అవతల ఆవిడ ఫోను చదువుతోంది – "ఆవకాయ, కరెంట్ పేజ్."

"ఆఁ, ఆవకాయలో ఉన్నాను," అంది వదిన. "కిలో రాసుకో. డబ్బు తీసుకోకపోతే మాత్రం ఊరుకోను."